పూడిక లోతుల్లో బంకమట్టి: చమురుకు కారణమా, సాక్షి మాత్రమేనా?

పెట్రోలియం భూగర్భ శాస్త్రంలో ఒక పొంతన మీద అరవై ఏళ్లుగా చర్చ నడుస్తోంది. సముద్రం అడుగున పేరుకున్న బురద, పైన కొత్త పొరలు పడేకొద్దీ కిందికి దిగుతుంది, వేడెక్కుతుంది. దాదాపు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య అందులోని కెరోజన్, అంటే మిగిలిపోయిన జీవపదార్థం, విరిగి చమురవుతుంది. ఇంచుమించు అదే వేడిలో అదే బురదలోని స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం నీటిని వదిలి, పొటాషియంను పట్టుకుని, ఇల్లైట్‌గా మారుతుంది. ఒకే రాతిలో, ఒకే లోతులో రెండు మార్పులు. మొదటిదానికి రెండోది కారణమా, లేక వేడి ఒక్కటే రెండింటినీ విడివిడిగా నడిపిస్తోందా?

కారణమని నమ్మినవాళ్లు తక్కువేమీ కాదు. బంకమట్టి వదిలిన నీరే చమురును మూలశిల, అంటే అది పుట్టిన రాయి, నుంచి బయటికి తోస్తుందన్నారు కొందరు. బంకమట్టే ఉత్ప్రేరకమై కెరోజన్‌ను విరగ్గొడుతుందన్నారు మరికొందరు. ఆ వాదనల వెనకున్న కొలతలను వరసగా చూస్తే, నా అంచనాలో, కారణమనడానికి ఆధారం పలచగా ఉంది. లోతులో ఏం జరిగిందో చెప్పే సాక్షిగా మాత్రం బంకమట్టి చాలా పనికొస్తుంది, అదీ జాగ్రత్తగా ప్రశ్నిస్తేనే.

ముందు ఖనిజం సంగతి. స్మెక్టైట్ తెలుగువాళ్లకు కొత్తది కాదు. వానకు ఉబ్బి, ఎండకు బారెడు లోతు నెర్రెలిచ్చే నల్లరేగడిలో ఆ గుణమంతా దీనిదే. సిలికా, అల్యూమినాల పలుచని పొరలు పుస్తకంలో కాగితాల్లా ఒకదానిమీద ఒకటి ఉంటాయి. వాటి మధ్య సోడియం, కాల్షియం అయాన్లు, వాటిని చుట్టుకుని నీటి అణువులు చేరతాయి. రెండు వరసల నీరు ఉన్నప్పుడు ఒక పొర మొదలు నుంచి తర్వాతి పొర మొదలు దాకా దూరం సుమారు 15 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక వరస పోతే పన్నెండున్నర. నీరంతా పోతే పది. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. ఇల్లైట్‌లో ఆ దూరం ఎప్పుడూ పదే, ఎందుకంటే పొరల మధ్య పొటాషియం బిగుసుకుని కూర్చుంటుంది, నీటికి చోటివ్వదు. స్మెక్టైట్ ఒక్కసారిగా ఇల్లైట్ కాదు. మధ్యలో రెండు రకాల పొరలూ కలగలిసిన మిశ్రమ ఖనిజం ఉంటుంది. అందులో ఇల్లైట్ పొరలు ఎన్ని శాతం అనేదే ఈ పరిశోధనలో అసలు కొలమానం. నమూనాకు ఇథిలీన్ గ్లైకాల్ పట్టించి ఎక్స్‌రే వివర్తనం చేస్తే స్మెక్టైట్ పొరలు 17 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉబ్బుతాయి, ఇల్లైట్ పొరలు కదలవు. ఆ తేడాను బట్టి శాతం కడతారు.

బ్రజోరియా బావి

ఈ రంగంలో ఎవరు ఏది వాదించినా చివరికి మెక్సికో అఖాతం ఉత్తర తీరానికి వచ్చి ఆగుతారు. అక్కడ కిలోమీటర్ల మందాన యువ అవక్షేపాలున్నాయి, వేల బావులున్నాయి. వాటిలో టెక్సస్‌లోని బ్రజోరియా కౌంటీ బావి ఒకటి పాఠ్యపుస్తకాలకెక్కింది. జాన్ హోవర్, ఆయన సహచరులు 1976లో ప్రచురించిన అధ్యయనం దాని మీదే. 1250 నుంచి 5500 మీటర్ల లోతు వరకు ఒలిగోసీన్, మయోసీన్ కాలాల షేల్ (గట్టిపడిన బురదరాయి) నమూనాలను తీసుకుని, రేణువుల పరిమాణాన్ని బట్టి విడదీసి, ఒక్కో భాగంలో ఖనిజాలనూ రసాయన కూర్పునూ విడిగా చూశారు.

తేలింది ఇదీ. 2000 మీటర్ల దగ్గర మిశ్రమ ఖనిజంలో ఇల్లైట్ పొరలు 20 శాతం కంటే తక్కువ. 3700 మీటర్లకు వచ్చేసరికి సుమారు 80 శాతం. ఆ కింద, ఇంకా 1800 మీటర్లు దిగినా, ఆ సంఖ్య కదల్లేదు. అదే మేరలో పొటాషియం ఫెల్డ్‌స్పార్ తగ్గుతూ సున్నాకు చేరింది. మొదట రాతిలో సుమారు 20 శాతం ఉన్న కాల్సైట్ దాదాపు మాయమైంది. క్లోరైట్, క్వార్ట్జ్ పెరిగినట్టు కనిపించాయి. రాయి మొత్తంగా చూస్తే మాత్రం, కాల్షియం తప్ప మిగతా ప్రధాన మూలకాల లెక్క పెద్దగా మారలేదు. అంటే ఫెల్డ్‌స్పార్ కరిగి ఇచ్చిన పొటాషియం, అల్యూమినియంలను పక్కనే ఉన్న స్మెక్టైట్ అందుకుంది, ఇల్లైటయింది, మిగిలిన సిలికాను వదిలేసింది. సరుకు ఇంట్లోదే, చేతులు మారింది అంతే.

ఈ అధ్యయనం అందం దాని కూడికలో ఉంది. బలహీనత కూడా అక్కడే. లోతు నమూనా అంటే పాత నమూనా కూడా. 4000 మీటర్ల దగ్గర ఇల్లైట్ ఎక్కువుందంటే అది వేడికి మారిందా, లేక ఆ కాలంలో నది మోసుకొచ్చిన బురదే వేరా? మొత్తం రసాయన కూర్పు మారలేదన్న ఫలితమే ఈ అనుమానానికి హోవర్ బృందం ఇచ్చిన జవాబు. అది మంచి జవాబే. కానీ 1997లో లింటన్ ల్యాండ్, సహచరులు దక్షిణ టెక్సస్ షేళ్లను మళ్లీ పరీక్షించి, లోతుకు దిగేకొద్దీ రాతిలో పొటాషియం మొత్తం పెరిగిందన్నారు. అంటే సరుకు బయటి నుంచి కూడా వచ్చింది. రెండింటిలో ఏది నిజమన్నది చిన్న విషయం కాదు. వ్యవస్థ మూసి ఉంటే ఫెల్డ్‌స్పార్ అయిపోయాక చర్య ఆగిపోవాలి, 80 శాతం దగ్గర నిలిచిపోవడానికి అదో సహజమైన వివరణ. తెరిచి ఉంటే ఆ వివరణకు బలం తగ్గుతుంది. ఒక్క బావి లెక్కను సాధారణ సూత్రంగా చేసుకున్న పాఠ్యపుస్తకాలు ఈ భాగాన్ని తేలిగ్గా దాటేస్తాయి.

నీరు చమురును తోసిందా?

బ్రజోరియా ఫలితాలకు ముందే చమురు పరిశ్రమను ఆకర్షించింది నీటి సంగతి. మారిస్ పవర్స్ 1967లో, జాన్ బర్స్ట్ 1969లో రాసిన వ్యాసాలు ఇందుకు పునాది. వారి చిక్కు నిజమైనదే. బురదలోని రంధ్రాల నీరు చాలావరకు మొదటి కిలోమీటరు, రెండు కిలోమీటర్లలోనే పిండుకుపోతుంది. చమురు పుట్టేది అంతకంటే లోతున. పుట్టేవేళకు మోసుకెళ్లే నీరు లేకపోతే అది బయటికెలా వస్తుంది? స్మెక్టైట్ పొరల మధ్య దాగిన నీరు అప్పుడు విడుదలవుతుందని బర్స్ట్ జవాబు. గట్టిపడిన అవక్షేపం ఘనపరిమాణంలో అది 10 నుంచి 15 శాతం ఉండొచ్చని ఆయన అంచనా వేశాడు.

ఆ అంకెలో అతిశయోక్తి ఏమీ లేదు. రాతిలో స్మెక్టైట్ 40 శాతం ఉందనుకుందాం. 15 ఆంగ్‌స్ట్రామ్‌ల పొర పదికి కుంగితే దాని ఘనపరిమాణంలో మూడో వంతు నీరుగా పోతుంది. అంటే రాతి మొత్తంలో 13 శాతం. కానీ ఈ లెక్కకు ఆధారమైన ఊహ ఒకటుంది: రెండు వరసల నీరూ చమురు పుట్టే లోతు దాకా ఆగుతాయని. పైపొరల బరువుకు ఒక వరస ముందే పోయి ఉంటే, పన్నెండున్నర నుంచి పదికి దిగేటప్పుడు వచ్చేది 8 శాతమే. పైగా ఆ నీరు ఒక్కసారిగా వరదలా రాదు. అఖాతపు పూడిక వేగంలో 2000 నుంచి 3700 దాకా ఉన్న ఆ 1700 మీటర్ల మేర దాటడానికి లక్షల నుంచి కోట్ల ఏళ్లు పడుతుంది.

అంతకంటే పెద్ద ఇబ్బంది రసాయనికమైనది. చమురు నీటిలో కరగదు. మీథేన్, బెంజీన్ లాంటి తేలిక పదార్థాలు కొంత కరుగుతాయి గానీ, ముడిచమురులో ఎక్కువ భాగమైన పొడవాటి గొలుసు హైడ్రోకార్బన్లు నీటిలో కరిగేది చాలా స్వల్పం. నీరే మోసిందంటే, ఒక సాధారణ క్షేత్రాన్ని నింపడానికి కూడా నమ్మశక్యం కానంత నీరు కావాలి. పైగా చమురులో ఎక్కువ కరిగే పదార్థాలే ఎక్కువ పాలు కనిపించాలి. అలా కనిపించదు. చమురు నీటితో కలవకుండా తనంతట తానుగా, కెరోజన్ విరిగినప్పుడు పెరిగే ఘనపరిమాణపు ఒత్తిడితో, తర్వాత తేలే గుణంతో కదులుతుందన్నది ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఆ లెక్కలో స్మెక్టైట్ నీటికి దక్కేది సహాయక పాత్రే, అదీ కొన్నిచోట్లే.

అధిక పీడనం విషయం కాస్త వేరు. అఖాతంలో రంధ్రపీడనం అసహజంగా పెరిగే మండలం పైకప్పు చాలాచోట్ల స్మెక్టైట్ మారే లోతుకు దగ్గరగా ఉంటుంది. డ్రిల్లింగ్ చేసేవాళ్లకు ఇది ప్రాణాపాయానికి సంబంధించిన సంగతి. అయితే 1997లో మార్క్ ఆస్‌బోర్న్, రిచర్డ్ స్వార్బ్రిక్ చేసిన సమీక్షలో ప్రధాన కారణం వేరే తేలింది. బురద అతివేగంగా పేరుకుంటే లోపలి నీరు తప్పించుకునే తీరిక దొరకదు, పైబరువు నీటిమీదే పడుతుంది. ఖనిజం వదిలే నీరు దానికి కొంచెం తోడవుతుంది, అంతే. నాకు మాత్రం మూడో అవకాశం పట్టించుకోదగ్గదిగా కనిపిస్తుంది. ఇల్లైట్ ఏర్పడుతున్నప్పుడు పలకలన్నీ ఒకవైపుకు వాలి, రాయి నీటిని ఇంకా తక్కువగా పోనిస్తుంది. 1989లో రాబర్ట్ ఫ్రీడ్, డొనాల్డ్ పీకార్ అఖాతపు షేళ్లలో ఇదే ప్రతిపాదించారు. ఖనిజం పీడనాన్ని పుట్టించడం కాదు, తప్పించుకోకుండా మూత వేయడం అన్నమాట. అదే మూత చమురు నిల్వల మీద కూడా పనిచేస్తుంది.

ఉత్ప్రేరకం సంగతి

శుద్ధి కర్మాగారాల చరిత్ర ఈ ఆలోచనకు ఊపిరి పోసింది. 1930ల్లో యూజీన్ హూడ్రీ ఆమ్లంతో శుద్ధి చేసిన బంకమట్టిని వాడి బరువైన నూనెలను పెట్రోలుగా విరగ్గొట్టాడు. ఫ్యాక్టరీలో పనిచేసింది భూమిలో ఎందుకు పనిచేయదన్న ప్రశ్న సహజం. 1972లో విలియం జాన్స్, ఎ. షిమోయామా స్మెక్టైట్ మార్పునూ హైడ్రోకార్బన్లు పుట్టే చర్యలనూ ఒకే చట్రంలో పెట్టి చూపారు.

భూమిలో తేడా ఏమిటంటే, అక్కడ నీరుంది. బంకమట్టి ఆమ్లశక్తి దాని ఉపరితలం ఎండి ఉన్నప్పుడు ఎక్కువ. తడిస్తే ఆ చురుకైన స్థానాలను నీరే ఆక్రమిస్తుంది. పొడిగా వేడిచేసిన పరీక్షల్లో బంకమట్టి కెరోజన్ ఫలితాలను బాగా మారుస్తుంది, నూనెలో కొంత భాగాన్ని తనకే అంటించుకుంటుంది కూడా. 1979లో మైఖేల్ లువాన్, సహచరులు నీటిలో నానిన షేల్ ముక్కలను మూసిన పాత్రలో వేడిచేసి, సహజ చమురుకు దగ్గరగా ఉన్న నూనెను రాబట్టారు. భూగర్భ పరిస్థితికి దగ్గరైనది ఈ రెండో పరీక్ష. పొడి పరీక్షల ఫలితాలను నేరుగా మూలశిలలకు అన్వయించడం మీద అప్పటి నుంచి జాగ్రత్త పెరిగింది.

బంకమట్టి అసలు ఏమీ చేయదా అంటే, చేస్తుంది. చమురులోని జీవచిహ్నాల్లో డయాస్టెరేన్లు అనే అణువులున్నాయి. స్టెరాయిడ్ అణువుల అమరిక ఆమ్ల ఉపరితలాల మీద మారినప్పుడు అవి ఏర్పడతాయి. బంకమట్టి మూలశిలల నుంచి వచ్చిన చమురులో అవి ఎక్కువ, సున్నపురాతి మూలశిలల చమురులో సాధారణంగా తక్కువ. అణువుల స్థాయిలో బంకమట్టి ప్రమేయానికి ఇది గట్టి ఆనవాలు. కానీ ఈ ఆనవాలే ఇంకో మాట కూడా చెబుతోంది: సున్నపురాయి కూడా చమురునిస్తుంది. ప్రపంచంలోనే అతిపెద్ద చమురు క్షేత్రమైన సౌదీ అరేబియాలోని ఘవార్‌ను నింపింది జురాసిక్ కాలపు కార్బనేట్ మూలశిలలే. బంకమట్టి లేకుండా చమురు పుట్టదన్న వాదన అక్కడ నిలవదు.

గడియారాలు రెండు

కారణమా, పొంతనా అన్న ప్రశ్నకు నాకు అన్నిటికంటే నమ్మకంగా కనిపించే పరీక్ష చర్యల వేగం. ఒక మార్పు మరోదానికి కారణమైతే ఏ అవక్షేప ద్రోణిలోనైనా రెండూ జంటగానే జరగాలి. చల్లని ద్రోణిలో రెండూ కిందికి, వేడి ద్రోణిలో రెండూ పైకి, వాటి మధ్య దూరం మారకుండా. రెండు వేర్వేరు చర్యలైతే ద్రోణి వేడెక్కే వేగాన్ని బట్టి విడిపోవాలి.

స్మెక్టైట్ ఇల్లైట్ కావడానికి కావలసిన ఉత్తేజన శక్తిని డెన్నిస్ ఎబర్ల్, జాన్ హోవర్ 1976లో మోల్‌కు సుమారు 20 కిలోకేలరీలుగా కొలిచారు. 1993లో వూలియాంగ్ హువాంగ్, సహచరులు 28 అన్నారు. పైట్, రేనాల్డ్స్ 1989లో 33కు చేరారు. వారిలో వారికే పొసగకపోయినా, కెరోజన్ చమురు కావడానికి సాధారణంగా వాడే 50, అంతకు పైబడిన విలువలకు అందరూ దూరంగానే ఉన్నారు. ఈ తేడా ఎంత పని చేస్తుందో ఉజ్జాయింపుగా కట్టి చూడొచ్చు. వేడెక్కే వేగం పదోవంతుకు తగ్గిందనుకుంటే, 28 కిలోకేలరీల చర్య జరిగే ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా కిందికి జారుతుంది. 50 కిలోకేలరీల చర్య 13 డిగ్రీలే జారుతుంది. నిదానంగా వేడెక్కిన పాత ద్రోణుల్లో బంకమట్టి ముందే మారిపోయి, చమురు తర్వాత వస్తుందన్నమాట. అఖాతంలో రెండూ కలిసి కనిపించడం ఆ తీరం వయసు, వేగాల ఫలితం కావచ్చు. అక్కడి పొంతనను ప్రపంచమంతటికీ నియమంగా చేయలేం.

ఉష్ణోగ్రత ఒక్కటే లెక్క కాదని చూపే ఇంకో సాక్ష్యం మోంటానాలో ఉంది. అక్కడి క్రెటేషియస్ బెంటొనైట్ పొర ఒకదాన్ని స్టీఫెన్ ఆల్టేనర్, సహచరులు 1984లో అంచు నుంచి అంచు దాకా పరీక్షించారు. బెంటొనైట్ అంటే అగ్నిపర్వత బూడిద మారి ఏర్పడిన, దాదాపు శుద్ధ స్మెక్టైట్ పొర. దానిలో సొంత పొటాషియం తక్కువ. పైనా కిందా అంచుల్లో ఇల్లైట్ ఎక్కువుంది, నడిమధ్యలో తక్కువ. మొత్తం పొర అనుభవించిన వేడి ఒక్కటే, కాలం ఒక్కటే. తేడా అల్లా, పక్క రాళ్ల నుంచి పొటాషియం లోపలికి ఇంకడానికి పట్టిన సమయం. ఇలాంటి పొర మధ్యనుంచి ఒకే నమూనా తీసి ఉష్ణోగ్రత అంచనా కడితే తప్పుతుంది. ఇక 2004లో జిన్‌వూక్ కిమ్, సహచరులు షెవనెల్లా అనే బాక్టీరియాతో, గది ఉష్ణోగ్రత దగ్గర, 14 రోజుల్లో ఇనుము ఎక్కువున్న స్మెక్టైట్ ఇల్లైట్‌గా మారిందని ప్రకటించారు. కిలోమీటర్ల లోతున జరిగేదానికి అది నమూనా అని అనుకోను. అయినా ఇల్లైట్ శాతాన్ని చూసి వెంటనే వేడిని ప్రకటించే అలవాటుకు అదొక కళ్లెం.

రిజర్వాయర్ రాళ్లలో బంకమట్టి ప్రభావం మాత్రం వివాదానికి పెద్దగా తావులేనిది. ఇసుకరాయి రంధ్రాల్లో దారాల్లా పెరిగే ఇల్లైట్ వాటి దారులు మూసేసి, ఉత్తర సముద్రపు రోట్లీగెండ్ వాయుక్షేత్రాల్లో పారగమ్యతను బాగా తగ్గించింది. షేల్ వదిలిన సిలికా పక్కనున్న ఇసుకరాయిలో క్వార్ట్జ్ సిమెంటుగా చేరొచ్చని బోల్స్, ఫ్రాంక్స్ 1979లో టెక్సస్ విల్‌కాక్స్ రాళ్లతో వాదించారు. చమురు ఎక్కడ పుట్టిందనే దానికంటే, ఎక్కడ మిగిలింది, ఎంత తేలిగ్గా బయటికొస్తుందన్న విషయంలోనే బంకమట్టి చేయి ఎక్కువ కనిపిస్తుంది.

కృష్ణా–గోదావరి మాట

మన తీరానికి ఈ చర్చ సూటిగా తగులుతుంది. కృష్ణా, గోదావరి నదులు డెక్కన్ బసాల్ట్ మీద పుట్టిన రేగడిని కోసుకొస్తాయి. అందుకే బంగాళాఖాతపు పశ్చిమ భాగంలో, ఈ నదుల ముందు, స్మెక్టైట్ ఎక్కువ. గంగా, బ్రహ్మపుత్రల బురదలో ఇల్లైట్, క్లోరైట్‌లది పైచేయి. కృష్ణా–గోదావరి ద్రోణిలోని యువ పొరల్లో స్మెక్టైట్ పుష్కలంగా ఉందంటే మెక్సికో అఖాతంతో పోలిక తేలిగ్గా కుదురుతుంది. బావుల్లో అధిక పీడనం కనిపించడం ఆ పోలికకు మరింత ఊతమిస్తుంది.

నాకు ఆ పోలిక తొందరపాటుగా అనిపిస్తుంది. ద్రోణిలో ముఖ్యమైన మూలశిలల్లో ఒకటైన రాఘవాపురం షేల్ క్రెటేషియస్ కాలానిది. డెక్కన్ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగింది. రాజమండ్రి చుట్టూ పంగిడి, కాటేరుల దగ్గర కనిపించే ట్రాప్ రాళ్లదీ దాదాపు అదే వయసు. రాఘవాపురం షేల్ వాటికంటే కోట్ల ఏళ్లు పాతది. దాని బంకమట్టి డెక్కన్ రేగడి నుంచి వచ్చే వీల్లేదు. అప్పటి నదులు కోసుకొచ్చింది ఎక్కువగా తూర్పు కనుమల ఖొండలైట్, నైస్ రాళ్లనూ, గోండ్వానా ఇసుకరాళ్లనూ అయివుండాలి. అవి పొటాషియం ఫెల్డ్‌స్పార్‌ను బాగా ఇస్తాయి, స్మెక్టైట్‌ను అంత ధారాళంగా ఇవ్వవు. మండపేట వాయువుకు సంబంధించిన పెర్మియన్ బొగ్గు పొరల సంగతి ఇంకా పాతది.

కాబట్టి ఒకే ద్రోణిలో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర, పైనున్న మయోసీన్ షేల్‌లోనూ కిందనున్న క్రెటేషియస్ షేల్‌లోనూ ఇల్లైట్ శాతం ఒక్కలా ఉంటుందని ఆశించకూడదు. మొదటిదానిలో మొదలుసరుకు ఎక్కువ, కాలం తక్కువ. రెండోదానిలో కాలం ఎక్కువ, మొదలుసరుకే అనుమానం. మెక్సికో అఖాతపు 2000, 3700 మీటర్ల హద్దులను ఇక్కడ పరచడానికి ముందు కనీసం మూడు కొలతలు ఒకే నమూనా మీద కావాలి: సన్నని రేణువుల్లో ఇల్లైట్ శాతం, అదే ముక్కలో విట్రినైట్ పరావర్తనం (రాయి ఎంత వేడి చూసిందో చెప్పే కొలత), మిగిలిన పొటాషియం ఫెల్డ్‌స్పార్ ఎంత అన్న లెక్క. బావి గోడల నుంచి రాలి పడిన పై పొరల ముక్కలు కలవని కోర్ నమూనాలైతే మేలు. రాఘవాపురం షేల్‌లో పరావర్తనం చమురు దశను చూపిస్తూ ఇల్లైట్ శాతం వెనకబడి ఉంటే, నీటిని వదిలే స్మెక్టైటే ఈ ద్రోణిలో చమురును కదిలించిందన్న వాదనను కనీసం ఆ పొర వరకు పక్కన పెట్టాల్సిందే.